గంజి పెట్టిన జెండా

1982 జనవరి 26, మంగళవారం. జగ్గయ్యపేట.

ఉదయం హాజరైనవారు: హెడ్మాస్టరు గారు; ముఖ్య అతిథిగా సమితి ప్రెసిడెంటు గారు; తెలుగు మాస్టారు; డ్రిల్లు మాస్టారు; సెలవులో ఉన్న ఇద్దరు తప్ప మిగిలిన ఉపాధ్యాయులందరూ; ఎన్‌సీసీ పిల్లలు రెండు వరసలు; ఆరు నుంచి పది దాకా అన్ని తరగతులు; ప్రహరీ అవతల సైకిళ్లు ఆపుకుని చూసిన ఊరివాళ్లు కొందరు; నేను. జెండా గద్దె పక్కన, చెప్పులు లేకుండా, మా అటెండరు.

ఆనాటి డైరీలో ఆ పేజీ ఇలాగే మొదలవుతుంది. ఎక్కడికి వెళ్లినా ముందు ఎవరెవరు వచ్చారో రాసుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నాకు అలవాటు. మొన్న పాత డైరీల దుమ్ము దులుపుతుంటే ఈ పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ చివరి వాక్యం దగ్గర సిరా కాస్త పులిమి ఉంది. రాస్తూ రాస్తూ నవ్వుకుని ఉంటాను.

అప్పట్లో నేను జగ్గయ్యపేటలో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరును. కాపురం నందిగామలో. రోజూ పొద్దున్నే హైదరాబాదు రోడ్డు మీద పోయే బస్సు పట్టుకుని వచ్చి, సాయంత్రం మళ్లీ అదే రోడ్డు మీద ఇల్లు చేరేవాణ్ణి. మా అటెండరు ఆ బడిలో నాకంటే చాలా ముందు నుంచి ఉన్నాడు. గంట కొట్టడం, తాళాలు తీయడం, నోటీసు పుస్తకం తరగతి తరగతికీ తిప్పడం, ఇవన్నీ అతనే చేసేవాడు. కానీ బళ్లో నీ పనేమిటయ్యా అని ఎవరైనా అడిగితే మాత్రం, "జెండా కట్టటమండీ" అనేవాడు. ఏడాదికి రెండు రోజుల పని అది. మిగిలిన పనులన్నీ ఆ రెండు రోజుల మధ్య ఊరికే కూర్చోకుండా చేస్తున్నట్టు చెప్పేవాడు.

ఆ మార్చి నెలాఖరుకు అతనికి రిటైర్మెంటు. అంటే ఆ జనవరి ఇరవై ఆరు అతని ఆఖరి జెండా. కానీ జెండా ముట్టుకోవద్దని అతనికి హెడ్మాస్టరు గారి ఆర్డరు.

దానికి కారణం అంతకు ముందటి ఆగస్టు పదిహేను.

మా బడి జెండా ఖద్దరుది. ఆఫీసు బీరువాలో, అట్టపెట్టెలో, కలరా ఉండలు వేసి ఉంచేవాళ్లం. ఆ వానాకాలం బీరువాలోకి చెమ్మ దిగి గుడ్డకు ముక్కిన వాసన పట్టింది. అటెండరు దాన్ని ఇంటికి పట్టుకుపోయి, రంగు పోకుండా కుంకుడు రసంతో ఉతికాడు. అంతవరకు బాగానే ఉంది. అదే సమయానికి ఇంట్లో ఆవిడ అన్నం వార్చింది. కుండలో తెల్లటి గంజి కనపడేసరికి అతనికి భక్తి పొంగుకొచ్చింది. జెండాకు గంజి పెట్టాడు. ముసురు పట్టిన రోజులు కాబట్టి సరిగ్గా ఆరలేదు. ఆ పచ్చి మీదే మడతపెట్టి, ట్రంకుపెట్టె కింద అణిచి పెట్టాడు.

పండగనాడు తెల్లవారుజామున అయిదింటికల్లా జెండా పైన ఉండాలని హెడ్మాస్టరు గారి ఆజ్ఞ. పూల రేకులు పొదిగి, చుట్టి, కట్టి, పైకి పంపాడు. తరవాత మూడు గంటలు సన్నగా తుంపర కురిసింది. ఎనిమిదింటికి సమితి ప్రెసిడెంటు గారు తాడు లాగారు. ముడి ఊడింది. జెండా విచ్చుకోలేదు. పైన మడతపెట్టిన అప్పడంలా అడ్డంగా నిలబడింది. మళ్లీ లాగారు. మూడోసారి లాగితే ఒక మడత మాత్రం విడివడి, లోపలి పూలు ముద్దగా వచ్చి ఆయన భుజం మీద పడ్డాయి. జాతీయగీతం మొదలుపెట్టక తప్పలేదు. పిల్లలు పాడుతూనే నవ్వారు. ఆ నవ్వు వరసల వెంట పాకిపోవడం నేను చూశాను. హెడ్మాస్టరు గారు సెల్యూటు చేస్తూనే ఉన్నారు గాని చెవులు ఎర్రబడ్డాయి.

అతిథి మైకు దగ్గర ఊరుకోలేదు. "మీ మాస్టర్లు జెండాకి కూడా డ్రిల్లు నేర్పినట్టున్నారు. లాగినా కదలకుండా అటెన్షన్లో నిలబడింది" అన్నారు. పిల్లలు ఇంకోసారి నవ్వారు.

తరవాత ఆఫీసు గదిలో హెడ్మాస్టరు గారు జెండాను బల్ల మీద పరిచి, వేలితో తట్టారు. డబ్‌డబ్‌మని చప్పుడైంది.

"గంజి పెట్టావా దీనికి?"

"పెట్టానండీ."

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ అన్లేదండీ. తమరు గంజి పెట్టిన పంచె కట్టకుండా మీటింగుకి రారు గదండీ. జెండా తమరికంటే పెద్దది గదండీ మరి."

తెలుగు మాస్టారు కిటికీ వైపు తిరిగి దగ్గారు. హెడ్మాస్టరు గారు మాత్రం నవ్వలేదు. బీరువా తాళంచెవి అతని దగ్గర నుంచి తీసుకుని, "ఇకనుంచి నువ్వు జెండా ముట్టుకోవద్దు" అన్నారు.

ఆ రోజు నుంచి అతని పేరు గంజి అయింది. మొదట అన్నది తెలుగు మాస్టారే. "ఏమండీ గంజిగారూ, రెండు టీలు చెప్పండి" అనేవారు. ఆయన నోరు ఆయనది, మనసులో ఏమీ ఉండదు. కానీ ఆ మాట స్టాఫు గది గడప దాటి పిల్లల్లోకి వెళ్లింది. దసరా సెలవులు అయ్యేసరికి "ఒరే, గంజి తాత గంట కొట్టాడ్రా" అనడం మామూలైపోయింది. అతను ఎవరినీ కసరలేదు. ఒకరోజు ల్యాబులో నేను గాజు గొట్టాలు కడుగుతుంటే గుమ్మం దగ్గర నిలబడి, "మార్చి దాటాక నేనెవరికి గుర్తుంటానండీ మాస్టారూ" అన్నాడు. "గుర్తున్నా ఆ గంజితోటే గుర్తుంటా."

ఆ మాటను డైరీలో రాసుకున్నాను, అంతే.

డిసెంబరులో హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "మీరు సైన్సు మనిషి. ఈసారి జెండా శాస్త్రీయంగా మీరు కట్టండి" అన్నారు. సరేనన్నాను. తప్పించుకుని ఉండాల్సింది. కానీ ఏదైనా పద్ధతి ప్రకారం చేస్తే అదే అవుతుందని అప్పటికి నా నమ్మకం.

నందిగామలో మా వసారా దూలానికి ఒక కప్పీ బిగించాను. ఇంటావిడ పాత నేతచీర నుంచి జెండా కొలతకు ముక్క కత్తిరించాను. సాయంత్రం బస్సు దిగగానే, కాఫీ కూడా తాగకుండా చుట్టడం, కట్టడం, లాగడం. మొదటి రోజు నాలుగుసార్లు లాగితే మూడుసార్లు విచ్చుకుంది. రెండో రోజు జనవరి మంచును మనసులో పెట్టుకుని నీళ్లు చిలకరించి చూశాను. మూడింట ఒక్కసారే. ముడి వదులైందేమోనని బాగా బిగించాను. ఆ తరవాత అసలు ఊడలేదు. స్టూలు ఎక్కి గోళ్లతో విప్పాల్సి వచ్చింది.

"బట్టలు ఆరేసుకునే చోట ఈ పండగేంటండీ?" అంది ఇంటావిడ. "పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, మీ ఆయన బానే ఉన్నారా అని అడిగిపోయింది."

"మంచుకు తాడు ఉబ్బుతోంది. అదీ సమస్య."

"ఇన్నేళ్లు కట్టినాయన్ని అడగొచ్చు గదా. మీకు నామోషీ అయితే నేనొచ్చి అడుగుతా."

నామోషీయే. మర్నాడు చీర ముక్క, తాడు సంచిలో పెట్టుకుని వెళ్లాను. బడి వదిలాక అటెండరును సైకిలు షెడ్డు దగ్గరకు పిలిచి వాటిని బయటికి తీశాను.

"ఆర్డరు ఉందండీ. నేను జెండా ముట్టుకోను" అన్నాడు.

"జెండా కాదయ్యా ఇది. మా ఇంటావిడ చీర ముక్క."

కాసేపు దాని వంక చూశాడు. తరవాత చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"చీర ముక్కకి చెప్పులెందుకయ్యా విప్పటం?"

"ఇది చీరో జెండానో చేతులకి తెలియదు గదండీ. అలవాటు చెడకూడదు."

అతని ముడి నేనెక్కడా పుస్తకంలో చూడనిది. చుట్టిన గుడ్డ చుట్టూ తాడును మడిచి ఒక ఉచ్చు, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, చివరికి ఒక కొస కిందికి వేలాడుతుంది. గుడ్డను ఎంత లాగినా కదలదు. ఆ కొసను రెండు వేళ్లతో లాగితే మొత్తం ఒక్కసారిగా జారిపోతుంది.

"పలుపు ముడండీ ఇది. మా నాయన నేర్పాడు. గుంజ కాడ ఎద్దు బెదిరిందనుకోండి, కూర్చుని విప్పే టైం ఉండదు. మనం ఒక్క లాగుడు లాగితే ఊడాల. అట్లాగని ఎద్దు లాగితే ఊడకూడదు."

"నేను బిగించినకొద్దీ బిగిసిపోతోంది."

"భయంతో కట్టారు గదండీ మరి. భయపడితే చెయ్యి ఊరికే బిగిస్తది."

ఒక్కొక్కటిగా చెప్పాడు, నేను రాసుకున్నాను. తాడు పాత నూలుది కావాలి, ముందు రోజు పొయ్యి పక్కన ఆరాలి. కప్పీలో ఆముదం వేయాలి. బంతిపూల రేకులు ముందురోజే తుంచి గుడ్డ మీద పరిస్తే తడి పోతుంది, ముద్ద కట్టవు. అన్నిటికంటే ముఖ్యం, ఎండ పొడ గొట్టం మీద పడేదాకా జెండా పైకి పంపకూడదు. మంచులో పైకి పంపితే నానేసిన బట్టతో సమానం.

"మరి ఆగస్టులో తెల్లవారుజామున ఎందుకు కట్టావు?"

"అయిదింటికి కట్టమన్నారండీ. గంజి తప్పు నాదే. వాన తప్పు నాది కాదు. కానీ ఆ మాట అన్లా."

ఆ నాలుగైదు నెలల్లో అతను ఆ మాట ఒక్కరితోనూ అనలేదు. గంజి అని పిలిస్తే పలికాడు, అంతే.

అతను కట్టినవి కూడా నావి రాసినట్టే డైరీలో రాశాను. పొడి గుడ్డతో, తడి గుడ్డతో, తడి తాడుతో. ఒక్కటీ తప్పలేదు. జనవరి ఇరవై మూడు, శనివారం, ఆ రెండు పేజీలూ హెడ్మాస్టరు గారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని నిదానంగా చదివారు.

"మాస్టారూ, మీరు ఫెయిలయిన సంగతి మీరే రాసుకొచ్చారేమిటి?"

"ప్రయోగమంటే అదేనండి. ఎల్లుండి మర్నాడు అతన్నే కట్టనివ్వండి."

"విచ్చుకోకపోతే?"

"మైకు దగ్గరికెళ్లి తప్పు నాదని నేనే చెప్తాను."

ఆయన డైరీ మూసి నా వైపు జరిపారు. "సరే. కానీ ఆరింటికల్లా పైన ఉండాలి" అన్నారు చివరికి.

"ఎండ పడ్డాకే కడతాడండి."

"ఎనిమిదింటికి అతిథి వచ్చేసరికి ఎండ రాకపోతే?"

నేను డైరీ తీసి సంచిలో పెట్టుకున్నాను. "మీ ఇష్టం" అన్నారాయన. ఇష్టం నాకు వదిలినట్టు లేదు ఆ గొంతు.

ఇరవై ఆరు పొద్దున నందిగామలో మొదటి బస్సు ఎక్కాను. రోడ్డు మీద మంచు గోడ కట్టినట్టు ఉంది. డ్రైవరు లైట్లు వేసుకుని ఎడ్లబండి నడకన నడిపాడు. బడికి చేరేసరికి ఆరున్నర. అటెండరు అప్పటికే గద్దె చుట్టూ సున్నం గీతలు గీసి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టించి ఉన్నాడు. ఖాకీ చొక్కా నిటారుగా నిలబడి ఉంది.

"గంజి పెట్టావా?" అన్నాను.

"చొక్కాకేనండీ" అన్నాడు.

జెండా గొట్టం పైకొస కనపడడం లేదు. గొట్టం వెంట మంచునీళ్లు కారుతున్నాయి. ఏడయింది. ఏడుంబావు అయింది. పిల్లలు వరసలు కట్టారు. హెడ్మాస్టరు గారు వరండాలోంచి గడియారం చూసుకుంటూ వచ్చి, గద్దె వంక చూసి, వెళ్లి, మళ్లీ వస్తున్నారు. ఏడున్నరకు కూడా సూర్యుడి జాడ లేదు.

తెలుగు మాస్టారు ఆకాశం వంక చూసి, "ఏమయ్యా గంజీ, సూర్యుడిక్కూడా పెట్టావా ఏమిటి? విచ్చుకోటం లేదు" అన్నారు. పిల్లలు కిసుక్కుమన్నారు. అటెండరు పొడి గుడ్డతో గొట్టాన్ని చెయ్యి అందినంతవరకు తుడుస్తూ పైకి చూస్తున్నాడు.

ఏడూ నలభై అయిదుకు గేటు దగ్గర జీపు హారను మోగింది. ప్రెసిడెంటు గారు పావుగంట ముందే వచ్చేశారు. జెండా ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ మరచిపోలేదు. మైకు దగ్గర చెప్పాల్సిన మాటలు నేను మనసులో కూర్చుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడు అటెండరు, "పడిందండీ" అన్నాడు.

తలెత్తి చూశాను. మంచు పైన పలచబడి, ఆముదం రాసిన కప్పీ మీద ఎండ చుక్క ఒకటి మెరిసింది. చూస్తుండగానే ఆ వెలుగు గొట్టం మీదుగా కిందికి దిగసాగింది. అతను చెప్పులు విప్పి గద్దె ఎక్కాడు. నేను పరుగున డ్రిల్లు మాస్టారి దగ్గరకు వెళ్లి, "అతిథిగారిని ముందు ఎన్‌సీసీ వరసలు చూడమనండి. రెండు వరసలూ. నిదానంగా" అన్నాను. ఆయనకు అర్థమైంది. ప్రెసిడెంటు గారు ఒక్కొక్క పిల్లవాడి ముందు ఆగి మీదేవూరురా అని అడుగుతూ నడిచారు. ఒకడు చందర్లపాడంటే వాడి తాతగారెవరో కూడా ఆరా తీశారు. ఆ తాతగారికి నేను రుణపడి ఉన్నాను.

ఇటు గద్దె మీద ఆ చేతులు తొందరపడలేదు. మడత, మడత మీద మడత, గుప్పెడు బంతి రేకులు, చుట్టు, ఉచ్చు, ఉచ్చులో ఉచ్చు. తాడు కప్పీ మీద చప్పుడు లేకుండా పరిగెత్తింది. ఎన్ని నిమిషాలు పట్టిందో డైరీలో రాయడానికి టైము అని రాసి గీత గీసి ఉంచాను. ఆ గీత మీద ఈనాటికీ ఏమీ లేదు. గడియారం చూడడం మరిచిపోయాను.

ప్రెసిడెంటు గారు గద్దె దగ్గరకు వచ్చి, "ఈసారన్నా విప్పుకుంటదా, మళ్లీ పూలముద్ద నా నెత్తినేస్తారా?" అన్నారు.

హెడ్మాస్టరు గారు నవ్వబోయి ఊరుకున్నారు. అటెండరు తాడు కొస ఆయన చేతికి అందించి, "గట్టిగా వద్దండీ. రెండు వేళ్లు చాలు" అన్నాడు.

ప్రెసిడెంటు గారు వ్యవసాయదారు. చేతిలోని కొసను ఒకసారి మెల్లగా సవరించి, పైకి తేరిపార చూశారు. "ఓరినీ, ఇది మా పలుపు ముడి కాదటయ్యా!" అని నిజంగానే రెండు వేళ్లతో లాగారు.

పైన ఏదో పిట్ట రెక్క విప్పినట్టయింది. మూడు రంగులూ ఒక్కసారి పరుచుకున్నాయి. రేకులు ముద్దగా రాలేదు, విడివిడిగా, తీరిగ్గా, గాలికి కాస్త పక్కకు జరుగుతూ, అతిథి మీద, హెడ్మాస్టరు గారి మీద, ముందు వరస పిల్లల జడల మీద పడ్డాయి. మంచులోంచి వచ్చిన ఎండలో ఆ గుడ్డ మెత్తగా ఊగింది. గంజి లేని ఖద్దరు అంత అందంగా ఊగుతుందని నాకప్పుడే తెలిసింది.

జాతీయగీతం మొదలైంది. ఒక్కరూ నవ్వలేదు. నా జీవితంలో చాలా జెండా వందనాలకు నిలబడ్డాను గాని బడి మొత్తం ఒకే గొంతుతో పాడింది ఆ రోజే. ప్రహరీ అవతల సైకిళ్ల వాళ్లు కూడా నిటారుగా నిలబడ్డారు. అటెండరు మట్టికాళ్లతో, చెయ్యి నుదుటికి ఆనించి, పైకి చూస్తూ ఉన్నాడు. పాట అయిపోగానే చప్పట్లు. అలా కొట్టడం మా బళ్లో లేదు. డ్రిల్లు మాస్టారు విజిలు నోట్లో పెట్టుకుని కూడా ఊదలేదు.

ప్రెసిడెంటు గారు మైకు అందుకున్నారు. "ఆగస్టులో నేనో మాటన్నా. అది వెనక్కి తీసుకుంటన్నా. ఈ ముడి వేసినాయన ముందుకి రావాల."

అటెండరును నెట్టినట్టు ముందుకు పంపారు. మైకు అతని నోటికి పెట్టి ఏదైనా చెప్పమన్నారు. అతను తలెత్తి జెండా వైపు చూశాడు.

"సాయంత్రం పొద్దుగూకక ముందే దించాలండీ. ఎవరన్నా ఉండేవాళ్లుంటే ఉండండి" అన్నాడు. అంతే.

మామూలుగా బూందీ పొట్లాలు పంచగానే బడి ఖాళీ అయిపోతుంది. సాయంత్రం జెండా దించడానికి ప్రతి ఏడూ అతనొక్కడే ఉండేవాడట. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. సాయంత్రం బస్సు వదులుకున్నాను. అయిదున్నరకు గద్దె దగ్గర ఎవరున్నారో కింద మళ్లీ రాసుకున్నాను: తెలుగు మాస్టారు, డ్రిల్లు మాస్టారు, నేను, లెక్కపెట్టడం వదిలేసినంత మంది పిల్లలు. హెడ్మాస్టరు గారు వరండా స్తంభం దగ్గర నిలబడ్డారు. కిందికి దిగలేదు, ఇంటికీ వెళ్లలేదు.

జెండా మెల్లగా దిగింది. తెలుగు మాస్టారు ముందుకు వచ్చి రెండో కొస పట్టుకున్నారు. ఆయన నోటి నుంచి గంజి అనే మాట వస్తుందేమోనని చూశాను.

"ఎటు మడవాలయ్యా పెద్దాయనా?" అన్నారు.

"తెలుపు పైకి రావాలండీ. నేల తగలనీకండి పంతులుగారూ."

మర్నాడు బుధవారం. మామూలు బస్సులోనే వచ్చాను. గేటు దాటేసరికి జెండా గద్దె దగ్గర హెడ్మాస్టరు గారు ఒక్కరే కనిపించారు. భుజం మీది కండువా తీసి, దాన్ని చుట్టి, తాడుతో కడుతున్నారు. లాగారు. ఊడలేదు. ఇంకోలా కట్టారు. లాగకుండానే ఊడిపోయింది.

గంట కొట్టడానికి సుత్తి పట్టుకుని అటెండరు అటే వస్తున్నాడు. ఆయన అతన్ని చూసి, తాడు దాచుకోవాలా వద్దా అన్నట్టు ఒక క్షణం ఆగి, "ఇటు రావయ్యా" అన్నారు. "ఆ ముడి నాకూ ఒకసారి చూపించు. ఆగస్టుకి నువ్వుండవు గదా."

అటెండరు సుత్తిని గోడకు ఆనించాడు. గద్దె దాకా వెళ్లి, తన చెప్పులు విప్పి, హెడ్మాస్టరు గారి కాళ్ల వైపు చూశాడు.

"చూపిస్తానండీ. ముందు చెప్పులు విప్పండి సార్."

హెడ్మాస్టరు గారు వంగి చెప్పుల పట్టీలు విప్పుకున్నారు. ఆ రోజు మొదటి గంట ఏడు నిమిషాలు ఆలస్యం.